మల్లయ్య పొగడ్త

తొంభైలలో మేం నాచారంలో ఉండేవాళ్లం. మా అబ్బాయి కిరణ్ రక్షణశాఖ ప్రయోగశాలలో ఉద్యోగానికి ఎంపికయ్యాడు. వాడి నడవడి విచారించడానికి ఓ అధికారి మా ఇంటికొచ్చారు. పక్కింటి మల్లయ్య మురిసిపోతూ, “మస్తు తెలివిగల్లోడు సార్! కాలేజీల సార్ల పాస్‌వర్డ్ కనిపెట్టి కంప్యూటర్ తెరిసిండు!” అన్నాడు.

అధికారి ముఖం మారింది. మల్లయ్య తడబడి, “ఉత్తగనే అన్న సార్” అన్నాడు.

“ఉత్తగ కాదు సార్, నిజమే,” అన్నాడు కిరణ్. “పరీక్ష పేపర్ చూసిన. తెల్లారి నేనే పోయి చెప్పిన. ఆ ఏడు పరీక్ష రాయనియ్యలేదు.”

అధికారి రాసుకుని వెళ్లిపోయారు.

“నేను సర్దిచెప్పిన గదరా, ఎందుకు ఒప్పుకున్నవ్?” అంటూ మల్లయ్య తల పట్టుకున్నాడు.

“రహస్యాలు కాపాడే నౌకరి మామా. అబద్ధంతోని ఎట్ల చేరుత?”

చాలా నెలలకు ఉద్యోగం వచ్చింది. రాకపోయినా, నేను తలెత్తుకునే తిరిగేవాణ్ణి.