మైనం పూసిన చేతులు

మల్లెపువ్వు అసలు పేరు లాండ్రీలో ఎవరికీ గుర్తులేదు. ఆమె ఉతికిన బట్ట మల్లెపువ్వులా ఉంటుందని యజమాని ఎప్పుడో అన్నాడు, అదే పేరైపోయింది. మనిషి మాత్రం ఎండుపుల్ల. ఇరవై రెండేళ్లు సోడా నీళ్లలో నానిన అరచేతుల నిండా పగుళ్లు.

యజమాని ప్రార్థనా మందిరంలో పెద్ద. భక్తికేం లోటు లేదు మహానుభావుడికి. మందిరంలో బల్ల మీద పరిచే తెల్లగుడ్డని ప్రతి శనివారం ఉచితంగా ఉతికించి ఇస్తాడు. ఉచితమంటే ఉతికే ఆడవాళ్లకి కూలి ఉండదని అర్థం. ఉతికే ముందు వాళ్లు వరసగా నిలబడి అరచేతులు చూపించాలి. పగిలిన చెయ్యి పవిత్రమైన గుడ్డని తాకకూడదట. పగులు కనబడితే ఆ గుడ్డ ఒక్కటే కాదు, పనే పోతుంది. చేతికి తొడుగులడిగితే, అవి వేసుకుంటే మరక వేళ్లకి తెలియదన్నాడు. చేతులు పగిలేది మీ సోడాకే కదా అని అడిగే దమ్ము ఎవరికుంది?

అందుకే మల్లెపువ్వు మందిరంలో కాలి మిగిలిన కొవ్వొత్తి ముక్కలు కొంగున కట్టుకొచ్చేది. శనివారం పొద్దున్నే ఆమె, అదే ఇంట్లో ఉంటూ పక్క తొట్టిలో ఉతికే ఆమె ఆడపడుచు, ఒకరి పగుళ్లలో ఒకరు మైనం నింపుకుని పైన కాస్త పిండి రుద్దుకునేవాళ్లు. యజమాని కళ్లజోడుకి అది ఏనాడూ అందలేదు.

ఆ శనివారం బాగా చలి. యజమానికి జాలి కలిగింది, అదీ వీళ్ల ఖర్మ. "పాపం, దేవుడి పని చేస్తున్నారు" అని తొట్టిలో వేణ్నీళ్లు పోయించాడు. ఆ వెచ్చదనానికి మల్లెపువ్వు ఒళ్లు మరిచి మోచేతుల దాకా ముంచింది. మైనం సంగతే గుర్తు రాలేదు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని గుడ్డ పిండారు. విప్పి చూస్తే మల్లెపువ్వు పట్టిన కొసన గింజంత నెత్తుటి మరక, చుట్టూ మైనం జిడ్డు.

యజమాని ఇద్దరి చేతులూ చాపించి చూశాడు. ఇద్దరివీ పగిలే ఉన్నాయి.

"ఇద్దర్నీ పంపేస్తే సోమవారం ఆసుపత్రి దుప్పట్లు ఎవరుతుకుతారు? ఒకరుంటే చాలు. మరక ఎవరిదో మీరే చెప్పండి" అన్నాడు, గొంతు కూడా పెంచకుండా.

ఇంట్లో మల్లెపువ్వు మొగుడు నడుము పడిపోయి మంచంలో ఉన్నాడు. ఏ కొస ఎవరు పట్టుకున్నారో ఆడపడుచుకి తెలుసు. వదినే చెబుతుందని ఊరుకుంది.

"దానిదే అయ్యగారూ" అంది మల్లెపువ్వు. ఎంత తేలిగ్గా అనేసిందో, సిగ్గులేని నోరు.

మర్నాడు మందిరంలో బోధకుడు ప్రవక్తల మాట ఎత్తుకున్నాడు. న్యాయం లేని చోట మీ పాటలు దేవుడికి రోత, నెత్తురంటిన చేతులు చాపితే ఆయన మొహం తిప్పుకుంటాడు అన్నాడు. ముందు వరసలో యజమాని అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. తగలాల్సినవాడికి తగలకుండా ఆ మాట వెళ్లి వెళ్లి వెనక వరసలో మల్లెపువ్వుకి తగిలింది. అందరూ చేతులెత్తి ప్రార్థిస్తుంటే ఆమె తన చేతులు కొంగులో దాచుకుంది.

బయటికొచ్చేటప్పుడు యజమాని ఆగి, "రేపట్నుంచి రెండు తొట్లూ నీవే, కూలి పాతదే. ఇకమీదట చేతులు రోజూ చూస్తాను" అన్నాడు.

సోమవారం పొద్దున ఆడపడుచు గుమ్మంలో కూర్చుని కొవ్వొత్తి ముక్క గీకుతోంది. శనివారం నుంచి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

"చెయ్యి ఇలా పెట్టు వదినా" అంది.

మల్లెపువ్వు చెయ్యి చాపింది. ఆడపడుచు ఒక్కొక్క పగులులో మైనం పెట్టి బొటనవేలితో అదిమింది. మల్లెపువ్వుకి ఏడుపు ఆగలేదు.

"ఏడవకు, తడిస్తే అంటుకోదు. ఆయన మళ్లీ వేణ్నీళ్లు పోయిస్తానంటే మాత్రం వద్దను" అంది ఆడపడుచు, రెండో చెయ్యి అందుకుంటూ.