పది టైర్ల లారీ, ఆరు టైర్ల పన్ను

అది 1961వ సంవత్సరం. నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ వైపు పోయే దారిలో, వాహనాల పన్నులు చూసే ఒక ఆఫీసులో నేను గుమాస్తాను. ఆఫీసు పేరు రాయను. చప్రాసీగా చేరి, ఫైళ్లు మోస్తూ మోస్తూ వాటి మీది ఉర్దూ, ఆ తర్వాత ఇంగ్లీషు కూడబలుక్కుని గుమాస్తానైనవాణ్ణి. ఆ ఉద్యోగంలో ఎన్నో చూశాను, చాలావరకు మరిచిపోయాను. మైసయ్య లారీ సంగతి మాత్రం మరిచిపోలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తెలంగాణ, ఆంధ్ర కలిసి ఒక రాష్ట్రమై కొన్నేళ్లయినా బండ్ల పన్నులు ఒకటి కాలేదు. ఇక్కడ నిజాం కాలపు లెక్క, అక్కడ మద్రాసు నుంచి తెచ్చుకున్న లెక్క. రెంటినీ కలిపి లారీలకు కొత్త రేట్లు కట్టమని మా సెక్షన్‌కు పురమాయించారు. ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. లారీకి రెండు బరువులు ఉంటాయి. ఖాళీ బండి బరువు అన్‌లేడెన్ వెయిట్. సరుకుతో సహా ఇంతవరకు మోయవచ్చునని సర్కారు ఒప్పుకున్న బరువు లేడెన్ వెయిట్. మూడు నెలలకొకసారి కట్టే పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు, పర్మిట్ ఫీజు అన్నీ ఈ రెండో బరువును బట్టే. ఇన్ని టన్నుల నుంచి ఇన్ని టన్నుల దాకా ఇంత అని మెట్లు కడతారు. ఒక్కో మెట్టు ఒక స్లాబ్.

కొత్త లారీ అయితే కంపెనీవాళ్లు బరువు కాగితం ఇస్తారు. కాగితం లేని పాత బండ్ల సంగతి ఏమిటి? యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన లారీలు మన నగరంలో చాలా తిరిగేవి. డిస్పోజల్ బండ్లు అనేవాళ్లం. వాటికి యాక్సిళ్లు, అంటే చక్రాల ఇరుసులు, వాటి మీది టైర్లు లెక్కబెట్టి బరువు వేసేయాలని తీర్మానించారు. వెనక రెండు యాక్సిళ్లు, మొత్తం పది టైర్లు ఉంటే అన్నిటికన్నా పై స్లాబ్. వెనక ఒక్కటే యాక్సిల్, ఆరు టైర్లు ఉంటే దాని కింది స్లాబ్. ఆ తీర్మానం జరిగిన గదిలో, కాగితాలు అందిస్తూ నేనూ ఉన్నాను. ఆబిడ్స్ బేకరీ నుంచి బిస్కెట్లు వచ్చాయి, చాయ్ వచ్చింది. కిటికీలోంచి చూస్తే కింద గూడ్స్ షెడ్‌కు పోయే లారీలు బారులు తీరి కనబడేవి. ఒక్కరు లేచి ఆ కిటికీ దాకా పోలేదు.

కొత్త రేట్లు అమలులోకి వచ్చిన కొన్నాళ్లకే మైసయ్య మా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. నల్గొండ దిక్కు మనిషి. నాంపల్లి గూడ్స్ షెడ్‌లో హమాలీగా బస్తాలు మోసి, డ్రైవింగ్ నేర్చుకుని, ఊళ్లో తన వాటాకొచ్చిన మెట్ట చెలక అమ్మి, సికిందరాబాదులో ఎవరి దగ్గరో ఒక డిస్పోజల్ బండి కొన్నాడు. బేగం బజార్ సరుకు వరంగల్ దాకా తోలేవాడు.

"సార్, జర సూడుండ్రి. నా బండిని పెద్ద బండ్లల్ల రాసిన్రు," అన్నాడు.

"పెద్దదే గదా మైసయ్యా. పది టైర్లు ఉన్నయి."

"టైర్లకేంది సార్, టైర్లు మోస్తయా? ఇంజను మోయాలె. ముసలి ఇంజను. నాలుగు టన్నులు ఎక్కిస్తె భువనగిరి కాడనే దగ్గుతది. ఇంక జర ఎక్కువేస్తె నన్నే దిగి నూకుమంటది. గీ పన్ను కడితే నాకు మిగిలేది పొగ."

కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు. పన్ను కట్టమని మేం పంపిన డిమాండ్ నోటీసును కౌంటర్ మీద పెట్టి నా వైపు జరిపాడు. గడువులోగా పన్ను కట్టకపోతే బండి పట్టుకుంటారు. పట్టుకున్న బండికి సరుకు దొరకదు. సరుకు లేకపోతే మళ్లీ పన్ను కట్టలేడు. అమ్మడానికి ఊళ్లో ఇక చెలక లేదు.

నా చేతిలో ఏమీ లేదు. అతన్ని లోపల మా పై అధికారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన అంతకు కొద్దికాలం ముందే కర్నూలు నుంచి బదిలీ మీద వచ్చారు. చదువుకున్న మనిషి, లంచం ముట్టేవారు కాదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

మైసయ్య చెప్పిందంతా ఆయన విన్నారు. చివరికి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఏమిటయ్యా నీ గోల? పది టైర్లు వేసుకుని ఊరేగుతూ ఆరు టైర్ల పన్ను కడతానంటే ఎలా? ఆరు టైర్లతో రా, ఆరు టైర్ల పన్నే కట్టు. ఎవరొద్దన్నారు?" అన్నారు.

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. మైసయ్య మాత్రం నవ్వలేదు. "గట్లనా సార్?" అన్నాడు మెల్లగా.

"అట్లాగే. పో ఇక."

నేను అతన్ని వెంటబెట్టుకుని బయట ఇరానీ హోటల్లో కూర్చోబెట్టాను. చాయ్ చెప్పి, అక్కడే ఒక అర్జీ రాశాను. ఇట్లాంటి పాత మిలిటరీ బండ్లు టైర్లను బట్టి మోయగల బరువు మోయలేవు కాబట్టి, కాంటా మీద తూచి, నడిపి చూసి, నిజంగా మోసే బరువును బట్టి స్లాబ్ వేయాలని అందులో అడిగాం. మైసయ్య వేలిముద్ర వేశాడు.

"జవాబెప్పుడొస్తది సార్?"

"చెప్పలేను. పైకి పోవాలె, అక్కడినుంచి ఇంకా పైకి పోవాలె. జర ఓపిక పట్టు."

"నేను పడ్త సార్. నోటీసు పడ్తదా?"

 తన పెండ్లాం లచ్చమ్మ పుస్తెలు కుదువబెట్టి ఈ విడత కడతానని చెప్పి లేచాడు. అతను హోటల్ దాటి బండెక్కేదాకా చూశాను. ఇంకేం చేస్తాడో నాకు తట్టలేదు.

ఇరవై రోజులో, నెలో గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసు ముందు పెద్ద హారన్ మోగింది. చప్రాసీ పరుగెత్తుకొచ్చి, "సాబ్, మైసయ్య ఒచ్చిండు. బండి కొత్తగ జేయించిండట," అన్నాడు. నేను మెట్లు దిగి చూశాను.

లారీ పొట్టిగా అయిపోయింది. వెనక ఉండాల్సిన రెండు యాక్సిళ్లలో ఒకటి లేదు. ఛాసిస్‌ను, అంటే బండి వెన్నెముక లాంటి ఇనుప చట్రాన్ని, వెనక నుంచి కోసేసి, మిగిలిన యాక్సిల్‌ను ముందుకు జరిపి వెల్డింగ్ చేశారు. కొత్త నల్ల రంగు ఇంకా వాసన వస్తోంది. బానెట్ మీద బంతిపూల దండ ఉంది. మైసయ్య జిలేబీ పొట్లంతో దిగాడు. క్యాబిన్‌లో లచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. మెడలో పసుపుతాడు మాత్రమే ఉంది.

"లెక్కవెట్టుకోండ్రి సార్! ఆరే!" అన్నాడు మైసయ్య.

"ఎవరు చేసిండ్రు ఇది?"

"అఫ్జల్‌గంజ్‌ల ఖాజా మేస్త్రి. ముందుగాల ఒద్దే ఒద్దన్నడు. 'రెండు యాక్సిళ్లకు కలిపి ఒకటే కమాన్ కట్ట, స్ప్రింగు పట్టీలది, ఉంటది మైసయ్యా, ఒకదాన్ని తీస్తే ఛాసిస్ కమ్జోర్ అయితది. బండిని కోసుడంటే మేకను కోసినట్టు అనుకున్నవా?' అన్నడు. పెద్దసారే చెప్పిండన్న. 'గవుర్మెంటే చెప్పినంక నాదేముంది' అని కోసిండు."

"నేను ఆ దినమే మొత్తుకున్న సారూ," అంది లచ్చమ్మ పైనుంచి. "కాగితం తీస్కరా, కాగితం తీస్కరా అని. పెద్దమనిషి నోటిమాట చాలదా, నీకేం ఎర్క అని నా మీదనే లేచిండు."

ఆ రోజు మా అధికారి మెట్లు దిగివచ్చారు. కొత్త రేట్లు కట్టిన తర్వాత ఆయన ఒక డిస్పోజల్ బండిని దగ్గరగా చూడడం అదే మొదటిసారి అనుకుంటాను. చుట్టూ తిరిగి చూశారు. వెల్డింగ్ అతుకు దగ్గర ఆగారు.

"దీనికి అనుమతి ఎవరిచ్చారు?"

"మీరే ఇచ్చిన్రు గద సార్," అన్నాడు మైసయ్య.

"నేనా? రాసిచ్చానా?"

రిజిస్టరైన బండి రూపం మార్చాలంటే ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. దాన్ని ఆల్టరేషన్ అంటారు. అనుమతి లేకుండా మారిస్తే రిజిస్ట్రేషన్ ఆపేస్తారు. ఆ నిబంధన మంచిదే. రోడ్డు మీద మనుషులు తిరుగుతారు. కానీ మైసయ్యకు ఆ నిబంధన ఉందని తెలియదు. నలుగురి ముందు ఆ మాట అన్న ఆయనకు తెలుసు.

"ఆ రోజు గదిలో మీరే అన్నారు సార్," అన్నాను నేను.

"నవ్వులాటకు అన్నమాటను పట్టుకుని బండి కోసుకొస్తాడా ఎవడైనా?" అన్నారు ఆయన. గొంతులో కోపం కన్నా భయం ఎక్కువ ఉంది. వెంటనే లోపలికి పోయి, బండి రిజిస్ట్రేషన్ ఆపేస్తూ ఆర్డరు రాయించారు. ఆ రోజు నవ్విన నలుగురిలో ఒక్కరికీ ఆ మాట గుర్తులేదు. వారం తిరక్కుండానే నన్ను రికార్డు గదికి మార్చారు. అది నాకు పెద్ద నష్టమేమీ కాదు.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి బండిని పరీక్షించాడు. వెల్డింగ్ దగ్గర సుత్తితో కొట్టి చూసి, ఇది రెండు టన్నులు మోసినా గ్యారంటీ లేదని రాశాడు. అతను రాసింది నిజం. మైసయ్య నన్ను అడిగి అడిగి విసిగిపోయాడు. "పది ఉన్నప్పుడు శాన మోస్తదని రాసిన్రు. ఆరు చేస్తే అస్సలే మోయదని రాసిన్రు. నడుమ నాలుగు టన్నులు మోసిన బండి ఏమాయె సార్? అది ఎవ్వరికీ కనవడలేదా?"

బండి ఆఫీసు పక్క గోడవారన నిలిచిపోయింది. వానాకాలం దాని మీదనే కురిసింది. నడవని బండికి పర్మిట్ ఎక్కువ కాలం ఉంచరు. అతని పర్మిట్ రద్దు చేసి, వరుసలో ఉన్న మరొకరికి ఇచ్చారు. చివరికి ఒక కబాడీవాలా వచ్చి ఇనుము లెక్కన కొనుక్కుపోయాడు. ఆ తర్వాతి విడతల పన్ను బాకీ కింద, జుర్మానా కింద అందులో చాలాభాగం మా ఆఫీసే పట్టుకుంది. లచ్చమ్మ పుస్తెలు, వాటిని కుదువపట్టుకున్న సుల్తాన్ బజార్ సేటు దగ్గరే ఉండిపోయాయి.

మరుసటి ఏడు ఒక ఆర్డరు వచ్చింది. రికార్డు గదిలో ఉన్న నా దగ్గరికి దాని నకలు వచ్చింది. మూడు యాక్సిళ్ల పాత మిలిటరీ లారీలకు ఇకమీదట టైర్లను బట్టి కాకుండా, తూచి, నడిపి చూసి, మోయగల బరువును బట్టి స్లాబ్ వేయాలని ఉంది. కారణాల కింద ఒక అర్జీని ప్రస్తావించారు. ఆ హోటల్లో నేను రాసిన అర్జీయే. మైసయ్య పేరు మొదటి వాక్యంలోనే ఉంది. అఫ్జల్‌గంజ్‌లోని డిస్పోజల్ బండ్లవాళ్లందరికీ పన్ను తగ్గింది. ఆఫీసుకు వచ్చి మిఠాయిలు పంచారు. నేను ముట్టలేదు.

మైసయ్యను వెతుక్కుంటూ గూడ్స్ షెడ్‌కు పోయాను. తలపాగా మీద బస్తా పెట్టుకుని, పలక మీదుగా ఒక పది టైర్ల డిస్పోజల్ బండిలోకి ఎక్కుతున్నాడు. బస్తా దించాక వచ్చాడు. ఆర్డరు చదివి వినిపించాను. చెమట తుడుచుకుంటూ నిలబడి విన్నాడు.

"అంటే నా అర్జీ మంజూరైనట్టేనా సార్?"

"ఔ."

"అందరికీ తగ్గినట్టేనా?"

"అందరికీ తగ్గింది."

ఆ పది టైర్ల బండి వైపు తిరిగాడు. "నేను కోయకపోతే నాకు గూడ తగ్గుతుండె," అన్నాడు. అడగలేదు, తనకు తనే చెప్పుకున్నాడు. తర్వాత నా మొహం చూసి, "మీరు ఫికర్ జేయకుండ్రి సార్. మీరు ఓపిక పట్టుమనే అన్నరు. ఇంకో దోస్తు ఉన్నడు, ఆయనది గిసొంటి బండే. ఆయన కోయకుండ బచాయించుకున్నడు," అన్నాడు. లోపల నుంచి హమాలీల మేస్త్రి కేక వేశాడు. మైసయ్య మళ్లీ బస్తాల వైపు పోయాడు.

ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు ఉద్యోగం చేశాను. రేట్లు ఎన్నోసార్లు మారాయి. రేట్లు కట్టేవాళ్లు కిటికీ దాకా పోయి బండి చూడాలని ప్రతి మీటింగ్‌లోనూ చెప్పాను. రాసుకున్నారు, చూడలేదు. నా కింద పనిచేసిన కుర్రవాళ్లను మాత్రం కౌంటర్ దగ్గర ఒక్క హాస్యం ఆడనివ్వలేదు. ముసలాయనకు నవ్వు రాదని వెనకాల అనుకునేవాళ్లు. అననీ. కుర్చీలో కూర్చున్నవాడు పరిహాసమాడుతున్నాడా, హుకుం ఇస్తున్నాడా అని ఎదుట నిలబడ్డవాడు తేల్చుకోలేడు. తప్పుగా తేల్చుకుంటే ఏమవుతుందో, గోడవారన వానలో తడిసిన ఆ బండిలో నేను చూశాను.