వెనకబడ్డ సర్వర్, ముందు నడిచే గడియారం

మొన్న తెల్లవారుజామున మా మరిది దవాఖానలో పోయాడని ఫోన్ వచ్చింది. నా వంటింటి గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంది. దాన్ని చూసి, అయితే ఇంకా పది నిమిషాలు ఉంటాడు అనుకోబోయాను. మనసుకు అంతకంటే తెలివి ఎక్కడిది?

పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక అతను ఒక వెబ్‌సైట్ పెట్టాడు. ఎనుమాములలో మిర్చి ధర ఎంత, ఇవాళ మార్కెట్ ఉందా, బందా అన్నది అందులో కనిపిస్తుంది. తెలుగు రాయడం నా పని. "రైతులు నీ నోటికి భయపడ్తరు గని, రాతకు భయపడరు వదినె" అనేవాడు.

నిరుడు సైట్‌ను కొత్త సర్వర్‌కు మార్చాడు. తర్వాత ఒక పొద్దున పాలకుర్తి వైపు రైతు ఫోన్ చేశాడు. మిర్చి బస్తాలతో వచ్చి మూసిన గేటు ముందు నిలబడ్డాడట.

"మీ సైట్ల మార్కెట్ ఉన్నదనే ఉండె సార్! ఈడ అందరు నవ్వుతాండ్రు."

ఇద్దరం చూశాం. "ఇవాళ బంద్" అని శుభ్రంగా ఉంది. మరిది ఇంటి కంప్యూటర్‌లో నడిపి చూసినా అంతే.

"చూసుకోకుంట బయల్దేరి మనల్ని అంటాండు" అన్నాను.

"ఎన్ని గంటలకు చూసిండో అడుగుదాం ఆగు వదినె."

తెల్లవారుజామున నాలుగింటికి చూశాడట. మరిదికి అర్థమైపోయింది. సర్వర్ ఎక్కడో పరదేశంలో ఉంది, దాని గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక. మనకు తెల్లవారుతున్నా దానికింకా నిన్నటి రోజే, నిన్న మార్కెట్ ఉంది. మేం చూసేసరికి దానికీ తేదీ మారింది. ఇంటి కంప్యూటర్‌ది మన టైమే కనుక అందులో తప్పు దొరకనే లేదు. భారత సమయమే చూడమని ప్రోగ్రాంలో ఒక్క లైను చేర్చాడు.

"అయిపాయె గదా, చాయ్ తాగు" అన్నాను.

"ఆయన్ని అబద్ధాలోడు అనుకుంటాండ్రు వదినె. జర పోయొస్త."

వెళ్లి, నవ్విన వాళ్లందరి ముందు "ఆయన చూసింది నిజమే, తప్పు నాది" అని చెప్పాడు. పొద్దుగూకే దాకా బస్తాల పక్కనే కూర్చుని వచ్చాడు.

"మిర్చి కంటె నువ్వే ఎర్రగైనవ్ మర్దీ" అన్నాను.

ఆనాటి నుంచి రోజూ చీకటితోనే సైట్ తెరిచి తేదీ చూసుకునేవాడు. ఆ వెంటనే నాకు ఫోన్.

"వదినె, సర్వర్ లేచింది."

"నన్నెందుకు లేపుడు? పెట్టెయ్!"

నా గడియారాన్ని మాత్రం ఏనాడూ సరిచేయలేదు. "అది తప్పు కాదు, నీ సొంత దేశం టైము" అనేవాడు.

ఇవాళ చీకటితోనే లేచి సైట్ తెరిచాను. తేదీ సరిగ్గానే ఉంది. మార్కెట్ ఉంది. సర్వర్ లేచిందని చెప్పడానికి ఫోన్ అందుకున్నాను. గోడ మీద నా దేశంలో అప్పుడే పది నిమిషాలు ఎక్కువ తెల్లవారింది.