మామ గోటికంటిన నీలం

వాగు పొంగి తగ్గాక ఇసుకలో ఆ కాటన్‌వుడ్ చెట్టు వేరు దొరికింది. మసా దాన్ని భుజాన వేసుకుని గుట్టెక్కాడు. మొక్కజొన్న నిల్వచేసే గది తలుపు బిగించి చెక్కడానికి కూర్చున్నాడు. మేనకోడలు తలాస్మనకి ఈ ఏటి బొమ్మ అది. కానీ వానలు తెచ్చే కత్సిన దేవతలే దాన్ని మంచుకొండల నుంచి మోసుకొచ్చి ఇచ్చారని పిల్ల నమ్మాలి. మామ చెక్కాడని ఆ పసిదానికి ఇప్పుడే తెలిసిందో, అంతా నీరుగారిపోయినట్టే.

"మామా, లోపలేం గీకుతున్నావ్?" తలుపవతల నుంచి పిల్ల గొంతు.

"ఎలకల్ని తరుముతున్నానే. పో, ఆడుకో."

"ఎలకలైనా ఇంత నత్తనడక నడవవు. రేపే కత్సినల ఆట, గుర్తుందా అన్నా?" అంది పిల్ల తల్లి, అతని చెల్లెలు హొన్మన, పెనం మీద పూతరేకంత పల్చని పీకీ రొట్టె లాగుతూ.

మసా మాటకి మాట అప్పజెప్పే రకమే. కానీ కత్తి పట్టాక నోరు పెగలదు. వేరు ఎక్కడ వంగితే అక్కడ భుజం, ఎక్కడ ఉబ్బితే అక్కడ పొట్ట. ఎవరో మణికట్టు పట్టుకుని నడిపిస్తున్నట్టే ఉంటుంది. తల నెరిసినా ఆ భయభక్తులు తగ్గలేదు. రాగిరాయి నూరిన నీలం చెంపలకి అద్ది, చివర్లో కళ్లు దిద్దాడు. అంతవరకూ కట్టెగా ఉన్నది కాస్తా తనవైపు చూసింది.

తీరా చూస్తే బొటనవేలి గోట్లో నీలం. ఇసుకతో తోమినా, బూడిదతో రుద్దినా వదల్లేదు. చీకటి పడ్డాక బొమ్మని గుట్టుగా కత్సినల వేషం కట్టేవాళ్లకి చేరవేశాడు.

పొద్దున కత్సినలు పచ్చి కంకులు మోసుకుంటూ వచ్చారు. కాళ్లకి కట్టిన తాబేటి చిప్పలు గలగలలాడుతుంటే ఊరంతా నిశ్శబ్దమైపోయింది. ఒకరు తలాస్మన ముందు ఆగి బొమ్మ అందించారు. పిల్ల దాన్ని గుండెకి హత్తుకుంది. బొమ్మ ప్రతి గీతా ఎరిగిన మసాకి కూడా అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టనిపించింది.

చెయ్యి జేబులోంచి తీయకుండా నిలబడ్డాడు. పిల్ల పరుగున వచ్చింది.

"మామా, కంకి తింటా, కాసేపు పట్టుకో. రెండు చేతులతో పట్టుకో, పడేస్తావ్."

తప్పలేదు. తలాస్మన అతని గోరు చూసింది, బొమ్మ చెంప చూసింది. హొన్మన ముఖం పాలిపోయింది.

పిల్ల మామ చెవి దగ్గరకొచ్చి మెల్లిగా అడిగింది. "నీ చెయ్యి కూడా పట్టుకున్నారా మామా, కత్సినలు?"

మసాకి అబద్ధమాడే పనే పడలేదు.

"పట్టుకున్నారమ్మా" అన్నాడు.