బీడీల చాట ముందు అర్థశాస్త్రం

మా చెల్లెలి కూతురు నిర్మల్‌లో ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతుంది. మొన్న సెలవులకు కరీంనగర్ వచ్చినప్పుడు, ఇంట్లో అన్నిటికన్నా చప్పుడు తక్కువుండే గది నాదేనని నా మంచం పక్కన ఫోను నిలబెట్టుకొని, విద్యార్థుల కోసం ఒక పాఠం రికార్డు చేసుకుంది. ఫ్యాను తిరిగితే మాటలో గాలి చప్పుడు కలుస్తుందని ఆపేసింది. ఆ ఉక్కపోతలో నేను విసనకర్ర కూడా మెల్లగా కదిలించుకుంటూ కూర్చున్నాను. అయిపోయాక, మీ కాలంలో ఇవేవీ లేకుండా ఎట్లా నెగ్గుకొచ్చావు పెద్దమ్మా అని జాలిపడింది. ఏదో ఒకటి ఉండేదని చెప్పబోయేంతలో దాని ఫోను మోగింది. దానికి చెప్పలేకపోయినదాన్ని, సుద్దముక్క పొడి పీల్చి దగ్గిన నా ఈడు వాళ్ళకు చెబుతాను.

అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు నెలల తరబడి మూతబడినప్పుడు నేను పీయూసీ చదువుతున్నాను. చదువు ఒక ఏడు వెనకబడినా, అర్థశాస్త్రంలో ఎమ్మే చేసి జగిత్యాలలో లెక్చరర్‌గా చేరాను. మాకు ఎట్లా చెప్పారో మేమూ అట్లాగే చెప్పాం. నోట్సు చదివేవాళ్ళం, పిల్లలు తలలు వంచుకొని రాసుకునేవాళ్ళు, పరీక్షలో ఆ నోట్సే తిరిగి మా ముందుకు వచ్చేది. నా దగ్గర బయలుదేరిన మాట నా దగ్గరికే చేరితే చదువు సాగినట్టే లెక్క. మధ్యదారిలో ఎవరికేమైనా అర్థమైందా అని ఎవరమూ అడగలేదు.

ఎనభయ్యో దశకంలో, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళూ పెళ్ళిళ్ళయినవాళ్ళూ ఇంట్లో ఉండి చదువుకునే దూరవిద్య వచ్చింది. పుస్తకాలు పోస్టులో వచ్చేవి, ఆదివారాలు మా కళాశాల గదుల్లోనే పాఠాలు జరిగేవి. బడిపంతుళ్ళు, ఆర్టీసీ కండక్టర్లు, పంచాయతీ గుమాస్తాలు వచ్చేవారు. వాళ్ళ మధ్య చివరి బెంచీలో ఒక్కర్తే కూర్చునే ఒకామె రెండు వారాలు వచ్చి, మూడో వారం నుంచి రాలేదు. ఆమెది ధర్మపురి పోయే తొవ్వలో ఒక పల్లె. భర్త మస్కట్‌లో ఉండేవాడు. ఆమె బీడీలు చేసేది. పక్కన నిలబడితే తంబాకు వాసన వచ్చేది, అందుకే కాబోలు ఎప్పుడూ దూరంగా కూర్చునేది.

ఎందుకు రావడం లేదో వాళ్ళ ఊరి కండక్టరే చెప్పాడు. అతనూ మా దగ్గర చదువుకునేవాడే. ఆమె అత్తకు పక్షవాతం వచ్చి మంచం పట్టిందట, వదిలి రావడానికి వీల్లేదట. చెబుతూ చెబుతూ సంచీలోంచి ఒక క్యాసెట్టు తీసి నా బల్ల మీద పెట్టాడు. మేడం దీంట్లో పాఠం చెప్పి పంపితే బీడీలు చేసుకుంటూ వింటానని ఆమె అడగమన్నదట. ఆ రోజుల్లో గల్ఫుకు పోయినవాళ్ళ ఇళ్ళలో టేపురికార్డరు తప్పకుండా ఉండేది. ఉత్తరం రాయడానికి బదులు క్యాసెట్టులో మాట్లాడి పంపుకునేవారు. భర్తతో మాట్లాడే మిషన్‌తో చదువు కూడా చెప్పించుకోవచ్చునన్న ఆలోచన ఎమ్మే చదివిన నాకు రాలేదు, ఆమెకు వచ్చింది.

మా బావగారింటి నుంచి టూ ఇన్ వన్ రేడియో టేపురికార్డరు అడిగి తెచ్చుకున్నాను. మా ఇంట్లో బియ్యం బస్తాలుండే గదిలో మాట గింగురుమనదని అక్కడ పీట వేసుకొని కూర్చొని, డిమాండు సూత్రం నోట్సు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. నడుమ కుక్కరు రెండు కూతలు వేసింది. అయిపోయాక, రికార్డయిందో లేదో చూద్దామని టేపు వెనక్కి తిప్పకుండానే బటన్ నొక్కాను. నా మాటకు బదులు ఎవరో మగమనిషి మాట వినిపించింది. అవ్వకు గోలీలు యాళ్ళకు ఇయ్యి, నా గురించి ఫికర్ చెయ్యకుండ్రి, అని తల్లి మందుల సంగతి చెబుతున్నాడు. గబుక్కున ఆపేశాను. భర్త పంపిన క్యాసెట్టు మీదనే ఆమె నా పాఠం ఎక్కించమన్నది. సగం ఉత్తరం అప్పటికే నా నోట్సు కింద చెరిగిపోయింది. అప్పట్లో క్యాసెట్లంటే అంతే, ఒకసారి విన్నాక చెరిపి మళ్ళీ వాడుకోవడమే వాటి గొప్పతనం అనుకునేవాళ్ళం.

పదిహేను రోజులకు క్యాసెట్టు తిరిగొచ్చింది. రెండో వైపు ఆమె మాట్లాడింది. తరగతిలో నోరు విప్పని మనిషి, ఇంట్లో తన చాట ముందు కూర్చొని మాట్లాడేసరికి వేరే మనిషిలా వినిపించింది. వెనక ఆకు కత్తిరించే కత్తెర చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంది, ఎవరో దగ్గుతున్నారు.

“నమస్తే మేడం. మీరు చెప్పింది మూడుసార్లు విన్న. మాటలన్ని మంచిగున్నయి, కని నాకు ఒక్కటి సుత తెల్వలే. కోపానికి రాకుండ్రి. మీరు సదువుతున్నరు మేడం, చెప్తలేరు.”

కోపానికి వచ్చాను, దాచడమెందుకు. పదేళ్ళకు పైగా పాఠాలు చెప్పిన మనిషిని, రెండే ఆదివారాలు వచ్చిన ఒకామె ఇంత మాటంటుందా అని క్యాసెట్టును బియ్యం బస్తా మీద పడేసి నాలుగు రోజులు ఆ గది వైపు పోలేదు. ఐదో రోజు, తప్పు ఆమెదేనని తేల్చుకుందామని మొదటి వైపు పెట్టి నా పాఠం నేను విన్నాను. అంతవరకూ నేను పాఠం ఎట్లా చెబుతానో నేనెన్నడూ వినలేదు. ఎక్కడా ఆగలేదు, ఒక్క ఉదాహరణ చెప్పలేదు, ఊపిరి తీసుకోవడానికి తప్ప గొంతు మారలేదు. బస్టాండులో బస్సుల పేర్లు చదివే మనిషికీ నాకూ తేడా కనబడలేదు. పాఠం పూర్తిగా వినలేక మధ్యలోనే ఆపేశాను.

రెండోసారి నోట్సు ముందర పెట్టుకోకుండా కూర్చున్నాను. మా అవ్వతో వంటింట్లో మాట్లాడే మాటలతోనే మొదలుపెట్టి, చివర మాత్రం పరీక్షలో రాయాల్సిన పుస్తకం మాటలు నిదానంగా రెండుసార్లు చెప్పాను. బజారు భాషలో పాఠమేమిటని మా దూరవిద్య కేంద్రం చూసే పెద్దాయన ఒకసారి పిలిచి మందలించారు. పరీక్ష పుస్తకభాషలోనే రాయిస్తానని మాటిచ్చాక ఊరుకున్నారు. అట్లా రెండు క్యాసెట్లు, ఒకటి అటు పోతుంటే ఒకటి ఇటు వస్తూ, కండక్టరు సంచీలో ఏడాదిన్నర తిరిగాయి. క్షీణ ప్రతిఫలాల సూత్రం చెప్పి పంపితే, పొద్దుగాల నూరు బీడీలు చేసే యాళ్ళకు పొద్దుమూకంగ యాభై సుత కావు, చేతులు గవే, పని చేసిన గంటలే పెరుగుతయి, గిదేనా మేడం మీరు చెప్పింది, అని అడిగింది. నేను తరగతిలో అప్పటిదాకా ఇచ్చిన ఉదాహరణలన్నీ గోధుమ పొలాలవి, మా దిక్కు ఎవరూ పండించని గోధుమలవి. మరుసటి ఏడు నుంచి కళాశాల పిల్లలకూ బీడీల లెక్కతోనే చెప్పాను.

గీతలు మాత్రం టేపులోకి ఎక్కలేదు. డిమాండు రేఖ ఎడమ నుంచి కుడికి కిందికి దిగుతుందని ఎన్ని తీర్ల చెప్పినా, ఆమె కాగితం మీద వేసి పంపింది కొండెక్కినట్టు పైకే పోయేది. చివరికి ఒక ఆదివారం పాఠాలయ్యాక బస్సెక్కి వాళ్ళ ఊరికి పోయాను. ఇంటి ముందు నలుగురు ఆడవాళ్ళు చాటలు ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు, నన్ను చూసి చేతులాపారు. ఆమె డబ్బాలోంచి ముగ్గుపిండి తెచ్చిచ్చింది. వాకిట్లో గీత వేసి చూపించాను. వసారాలో మంచం మీదున్న అత్త అదేమిటని కోడలిని అడిగింది. కోడలు, ధర పెరుగుతాంటె కొనేది తగ్గుతది అత్తమ్మా, గిది పైనుంచి కిందికి దిగుడు, అని విడమర్చి చెప్పింది. అప్పుడు నేను ఊరకే విన్నాను. నా పాఠం ఇంకొకరి నోట్లోంచి ఇంకొకరికి చేరడం అదే మొదటిసారి చూడటం. ముసలామె నన్ను దగ్గరికి పిలిచి, క్యాసెట్టులో నా గొంతు మొగగొంతు లెక్క ఉన్నదని, మనిషిని చూస్తే ఇంత సన్నగా ఉన్నానేమని నవ్వింది.

తరువాత వచ్చిన క్యాసెట్టులో, కోడలి ప్రశ్నలయ్యాక ముసలామె మాట్లాడింది. అంతకు ముందు ఎన్నడూ ఆమె మిషన్ ముందు నోరు విప్పలేదట. కొడుక్కి క్యాసెట్టు పంపేటప్పుడు రెండు మాటలు చెప్పమంటే ఏడుపొచ్చి ముఖం తిప్పుకునేదట. నాతో మాత్రం పోట్లాడేందుకు మాట్లాడింది.

“పంతులమ్మా, ధర పెరిగితే కొనుడు తగ్గుతదని ముగ్గేసి చూపెట్టినవు. నా గోలీల ధర పెరిగింది బిడ్డా, కొనుడైతే తగ్గలే. నా కొడుకు పంపుతనే ఉన్నడు. మరి గీత తప్పా, మేం తప్పా?”

ఆ ప్రశ్న విని నేనొక్కదాన్నే గదిలో చాలాసేపు నవ్వుకున్నాను. మందులకూ ఉప్పుకూ ఆ గీత ఎందుకు నిటారుగా నిలబడుతుందో, డిమాండు వ్యాకోచత్వం అంటే ఏమిటో, అరగంట సేపు చెప్పాను, అంత ఇష్టంగా నేనెప్పుడూ పాఠం చెప్పలేదు. దాన్ని ఆ క్యాసెట్టులోనే, ఆ వైపే, ఆమె ప్రశ్న మీదనే ఎక్కించి పంపాను.

ఆ ఏడు ఎండాకాలం ముసలామె పోయింది. కొడుక్కి సెలవు దొరకలేదు. కొన్ని నెలల తర్వాత వచ్చాడు. ఒకరోజు భార్యాభర్తలిద్దరూ మా ఇంటికి వచ్చారు. అతను కుర్చీ అంచున కూర్చొని, చాయ్ ముట్టుకోకుండా అడిగాడు.

“మేడం, మా అవ్వ మాట్లాడిన క్యాసెట్టు మీ తాన ఉన్నదట. మా ఇంట్ల ఉన్నయన్ని విన్న. ఒక్క దాంట్ల సుత లేదు.”

నాకు ఏం జరిగిందో అప్పుడే తెలిసిపోయింది. అయినా, అప్పటికి నా దగ్గరికే చేరి ఉన్న రెండు క్యాసెట్లూ తెచ్చి ఒకదాని తర్వాత ఒకటి పెట్టాను. మొదటిదాంట్లో ముసలామె మాటేమీ లేదు. రెండోది మొదలుకాగానే నా మాటే వినిపించింది. మీ అత్తమ్మ మంచి ప్రశ్న అడిగింది, ముందు దానికే జవాబు చెబుతా, అంటున్నాను. అతను ముందుకు వంగి విన్నాడు. అరగంట పాఠం మొత్తం, ఎక్కడైనా ఒక్క మాట దొరుకుతుందేమోనని, కదలకుండా విన్నాడు. ఆమె తల వంచుకొని కూర్చుంది. తానే ఒకప్పుడు ఇతని మాటల మీద నా పాఠం ఎక్కించుకున్నది కదా.

టేపు ఆగింది. నా వల్లనే చెరిగిపోయిందని చెప్పాను. ఎక్కించేటప్పుడు ఆ ఆలోచనే రాలేదని, నన్ను క్షమించమని అడిగాను. అతను తలూపాడు.

“ఏం అడిగింది మేడం మా అవ్వ?”

నాకు వచ్చినంతలో, ఆమె అన్న తీరుగానే చెప్పాను. గీత తప్పా, మేం తప్పా అన్న దగ్గర అతను నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. అవ్వ గట్లనే కొట్లాడుతదన్నాడు. మల్లొకసారి చెప్పుండ్రి మేడం, అన్నాడు. చెప్పాను.

ఆమె గణాంకశాస్త్రంలో ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కి డిగ్రీ తెచ్చుకుంది. తరువాత ఆదిలాబాద్ జిల్లా బోథ్ వైపు అంగన్‌వాడీల సూపర్‌వైజర్‌గా పోయిందని విన్నాను. తొంభైల్లో మా కేంద్రానికి టీవీ వచ్చింది, అందులో పాఠాలు చక్కగా, తప్పుల్లేకుండా, ఎవరూ దగ్గకుండా సాగేవి. ఇప్పుడు ఏదీ చెరిపి వాడుకోవాల్సిన పనే లేదు, మాట్లాడినదంతా ఎక్కడో భద్రంగా ఉంటుందంటారు. చాలా మంచి మార్పు, కాదనను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను చెప్పిన పాఠాల్లో, ఆ క్యాసెట్లలోవి సహా, ఒక్కటీ మిగలలేదు, దానికి నాకు చింతా లేదు. పాఠమంటే నేను చెప్పేదేననుకున్నానే గానీ, అవతలివాళ్ళు అడిగినదాన్ని కూడా దాచుకోవాలని ఆనాడు నాకు తోచలేదే అన్నదే ఈ వయసులో అప్పుడప్పుడూ గుర్తుకొస్తుంది.