క్రేనక్క పైనుంచి చూసి గీసిన బొమ్మ

మా ఫౌండ్రీలో ఆమెను అందరూ క్రేనక్క అంటారు. హాజరు పట్టీలో వేరే పేరుంది గానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆమే ఓ క్షణం తడుముకుని పలుకుతుంది.

పోత పోసే షెడ్డులో, కప్పు కింద పట్టాల మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచే పెద్ద క్రేను ఉంది. దానికి వేలాడే గాజు గది ఆమె చోటు. నేల నుంచి నలభై అడుగుల ఎత్తు. కరిగిన ఇనుము నింపిన బకెట్‌ను కొలిమి దగ్గర ఎత్తుకుని, అచ్చుల వరుస దాకా మోసుకెళ్లి, చుక్క తొణక్కుండా దించడం ఆమె పని. ఇరవై ఏళ్లకు పైగా చేస్తోంది. ఒక్కసారి కూడా తొణకలేదు.

నేను అక్కడే స్టోర్స్‌లో గుమాస్తాను. ఆదివారాలు కార్మికుల లైబ్రరీ పక్కగదిలో కూర్చుని బొమ్మలు వేసుకునే ఐదుగురిలో ఒకణ్ణి. ఆమె ఆ గదికి రావడానికి చాలా ముందే మొదలైంది ఆమె బొమ్మల గోల.

ఒక బకెట్‌కూ ఇంకో బకెట్‌కూ మధ్య కాస్త ఖాళీ దొరికేది. ఆ ఖాళీలో అచ్చుల మీద గుర్తులు పెట్టే సుద్దముక్కతో క్యాబిన్ నేల మీద కింద కనిపించే మనుషుల్ని గీసేది. ఒకరోజు ఫోర్‌మన్ బ్రేకులు చూడటానికి పైకెక్కాడు. కాళ్ల కింద పదిమంది మనుషులు!

“ఏమ్మా, ఇదేంటి?”

“కింద ఉన్నవాళ్లే సార్.”

“బకెట్ గొలుసుకు వేలాడుతుంటే నీ చూపు బొమ్మ మీద ఉందనుకో. ఆ కింద ఉన్నవాళ్ల గతేంటి?”

ఆమె వాదించలేదు. “మీరన్నది నిజం సార్” అని తడిగుడ్డతో నేలంతా తుడిచేసింది. ఆ తరవాత క్యాబిన్‌లో ఒక్క గీత గీయలేదు. కానీ మానేసే రకం కాదు, ఆమెది ఉడుంపట్టు. పగలంతా చూసేది, చూసింది కళ్లలో దాచుకునేది. మర్నాడు అందరికంటే గంట ముందు లేచి, వంటింటి గట్టు మీద పాత షిఫ్టు కాగితాల వెనక పక్కన గీసేది. మొదట్లో ముగ్గురి కంటే ఎక్కువమంది గుర్తుండేవారు కాదు. రెండేళ్లు తిరిగేసరికి షెడ్డు మొత్తం గుర్తుండిపోయింది.

అత్తగారికి మనసులో మాట ఆగదు. “బొమ్మలతో కడుపు నిండుతుందా అమ్మాయ్? పోనీ మొహాలు గీస్తావా అంటే అదీ లేదు, అన్నీ నెత్తులే!” అనేది.

కొలిమి దగ్గర పనిచేసే భర్త తక్కువ మాటల మనిషి. “పోనిద్దూ అమ్మా. మా మొహాలు గీయాలంటే ముందు మసి కడగాలి. నెత్తులకైతే హెల్మెట్ చాలు” అని నవ్వేవాడు.

మా ఆదివారం గుంపుకు పెద్ద, రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. క్రేనక్క మొదటిరోజు తెచ్చిన కాగితాల కట్టను ఆయన ఓపిగ్గా తిరగేశాడు.

“గీతలో బలముందమ్మా. కానీ మనిషంటే మొహం. కళ్లూ ముక్కూ లేని మనిషిని ఎవరు చూస్తారు?”

సరేనని ఏడాదిపాటు మొహాలు గీసింది. ఒక్కటీ కుదరలేదు. ముక్కులన్నీ బంగాళాదుంపల్లా వచ్చేవి. ఒకసారి నేను పైకే నవ్వేశాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఏడాది నిండిన ఆదివారం ఆ మొహాలన్నీ బల్ల మీద పేర్చింది.

“మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. రాలేదు. నాకు వీళ్ల మొహాలు తెలియవు. భుజాలు తెలుసు, నడక తెలుసు. ఎవరికి ఏ పూట ఒళ్లు అలిసిందో పైనుంచే చెప్పగలను. ఇక నాకు తెలిసిందే గీస్తాను.”

మాస్టారి మొహం ముడుచుకుపోయింది. “నీ ఇష్టం” అని కిటికీ వైపు తిరిగాడు. అయినా తరవాతి ఆదివారం ఆమె కుర్చీలో ఎవరో కూర్చోబోతే, “అది క్రేనక్కది” అని లేపేశాడు.

అప్పుడు మొదలుపెట్టింది పెద్ద బొమ్మ. కొత్త యంత్రాలు వచ్చిన పెట్టెల చెక్కలు నేను మేనేజరు సంతకంతో ఇప్పించాను. మూడు చెక్కలు కలిపితే పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. రంగులు కూడా కార్ఖానావే, కమ్మీలకు వేయగా మిగిలిన పసుపు, బూడిద, ఎరుపు, నలుపు. ఏడు నెలలు పట్టింది. షెడ్డు మొత్తం, ముప్ఫై నలుగురు మనుషులు, నట్టనడుమ నిప్పులాంటి బకెట్.

నగరంలో ఏటా జరిగే చిత్రప్రదర్శనకు వ్యాన్‌లో తీసుకెళ్లాం. నిర్వాహకుడు గోడకు ఆనించి చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

“ఇది ఇంటి ప్లానులా ఉంది గానీ చిత్రంలా లేదు. మనుషులు చీమల్లా గోడెక్కుతున్నట్టున్నారు.”

తిరుగుదారిలో సగం దూరం వచ్చాక ఆమే అంది: “ఆయన చెప్పిందాంట్లో ఒకటి నిజం. ఇది గోడకు తగిలించే బొమ్మ కాదు.”

“మరి?” అన్నాను.

“నేల మీద పరవాలి. చూసేవాళ్లు పైకెక్కాలి.”

గేటు పక్కన సైకిల్ షెడ్డు అడిగింది. జనం పోగవుతారని మేనేజరు కాదన్నాడు. మళ్లీ అడిగింది, మళ్లీ కాదన్నాడు. మూడోసారి వెళ్లినప్పుడు, “ఒక్కరోజైతే ఇస్తాను, ఇక నన్ను వదిలిపెట్టమ్మా” అన్నాడు. “ఇళ్లవాళ్లను కూడా రానివ్వండి సార్” అని దానికి ఇంకోటి తగిలించింది. మా గుంపులోని వెల్డరు తుక్కు ఇనుముతో మెట్లు, పైన కమ్మీలున్న అరుగు కట్టాడు. ప్రతి అతుకునూ ఆమె సుత్తితో కొట్టి చూసుకుంది.

ఆ రోజు పొద్దున షిఫ్టు దిగినవాళ్లు బొమ్మ చుట్టూ మూగారే గానీ ఎవరూ మెట్లెక్కలేదు. చివరికి అచ్చులు చేసే ముసలాయన ఎక్కాడు.

“ఓరి నాయనో, నా బట్టతల!”

అంతే, తోసుకుంటూ బారులు తీరారు. ఒకడు తన హెల్మెట్ సొట్టను గుర్తుపట్టాడు, ఇంకొకడు తన కుంటినడకను. ఒకావిడ మాత్రం నవ్వలేదు. “ఆ నిప్పుకు ఇంత దగ్గరగానా మీరు నిలబడేది?” అని మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మధ్యాహ్నానికి అత్తగారు వచ్చింది. వద్దన్నా వినకుండా కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కింది. కొడుకు ఎక్కడని ఎవర్నీ అడగలేదు, తనే వెతుక్కుంది. కొలిమి దగ్గర చూపు ఆగిపోయింది.

“వీడి కుడి భుజం ఇలా వాలిపోయిందేం?”

“ఉన్నదే గీశాను అత్తయ్యా.”

“ఎప్పట్నుంచి?”

“ఏడాది దాటింది. ఎన్నిసార్లు అడిగినా ఏం లేదంటారు.”

కింద నిలబడ్డ భర్త చూపు తిప్పుకున్నాడు. అత్తగారి గొంతు షెడ్డంతా వినిపించింది: “ఇంట్లో నిటారుగా కూర్చుని నా కళ్లు కప్పావురా! దీని కళ్లు కప్పలేకపోయావు.”

మర్నాడే కొడుకును రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరకు లాక్కెళ్లింది. భుజం లోపల కండరం చిరిగిందనీ, ఇంకో ఏడాది ఇలాగే బరువులెత్తితే చెయ్యి పైకి లేవదనీ ఆయన చెప్పాడు. ఆపరేషన్ జరిగింది. అతన్ని కొలిమి నుంచి, అచ్చులకు కావలసిన చెక్క నమూనాలు చేసే షాపుకు మార్చారు.

మాస్టారు బొమ్మ పరిచిన రోజే, అందరూ వెళ్లాక ఎక్కాడు. చాలాసేపు దిగలేదు. దిగాక, “కళ్లు లేవన్నాను. లేనివి నాకేనమ్మా” అన్నాడు.

“మీరు ఏడాదిపాటు మొహాలు గీయించబట్టే కదా మాస్టారూ, నాకేది రాదో తెలిసింది!”

మరుసటేడు ప్రదర్శనవాళ్లే కబురు పెట్టారు. నేల మీద పరచాలి, మెట్లు ఉండాలి, లేకపోతే రానంది. ఇనుప కాళ్లకు నేల గీసుకుపోతుందన్నారు. రబ్బరు తొడుగులు వేస్తామంది. రెండు నెలలు నసిగి ఒప్పుకున్నారు. బొమ్మ అక్కడ మూడువారాలుంది.

ఇప్పుడు నమూనాల షాపును గీస్తోంది. అక్కడ క్రేను లేదు, దాన్ని పైనుంచి ఎవరూ చూడలేదు. అనుమతి తీసుకుని, సెలవురోజున నడుముకు బెల్టు కట్టుకుని కప్పు దూలం మీదకు ఎక్కుతోంది. పోయిన వారం తాడు పట్టుకుని కింద నిలబడే పని నాకు పడింది. గంటన్నరసేపు పైకే చూడటంతో నా మెడ పట్టేసింది. అప్పుడు వినిపించింది కేక:

“కాస్త ఎడమకు జరుగు తమ్ముడూ, వెలుగుకు అడ్డొస్తున్నావ్!”

జరిగాను.