బిల్లు మీద పడ్డ పిచ్చిమాట

గవర్నర్‌పేటలో మెట్లెక్కి వెళ్లే చిన్న గదిలో మా ఆఫీసు ఉండేది. మందుల షాపులకు బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ మాది. ప్రోగ్రామంతా ఆఫీసు పెట్టిన సారే రాశారు. ఒక్కో షాపుకీ దాన్ని తయారుచేసే స్క్రిప్టులో ఒక కమాండ్ ఉండేది. 'షాప్‌నేమ్' అన్న మాట ఎక్కడ కనిపించినా అది తీసేసి, సాఫ్ట్‌వేర్ కొన్న షాపు పేరు పెడుతుంది.

ఆ వేసవిలో సారుకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఉన్న ఇంకో కుర్రాడు హైదరాబాదు వెళ్లిపోయాడు. నేనొక్కదాన్నే మిగిలాను.

అప్పుడే గుడివాడ షాపాయన ఫోన్ చేశాడు.

"ఏంటమ్మా ఇది, మా నాన్న పేరు పక్కన ఆ పిచ్చిమాటేంటి? బిల్లు చూసి జనం నవ్వుతున్నారు."

వాళ్ల షాపు పేరులో తండ్రి పేరు, & గుర్తు, ఆపైన 'సన్స్' ఉండాలి. బిల్లు మీద & ఉండాల్సిన చోట 'షాప్‌నేమ్' అని పడుతోంది. పేరు మళ్లీ కొట్టాను. పేరుకి అటూ ఇటూ ఉన్న కోట్స్ మార్చాను. మొదటినుంచీ మళ్లీ తయారుచేశాను. మిగతా షాపులన్నిటికీ సరిగ్గానే వస్తోంది, దీనికే రావట్లేదు. నాకేమీ రాదనీ, ఇన్నాళ్లూ సారు పక్కనుండబట్టే నెట్టుకొచ్చాననీ అనిపించి ఏడుపొచ్చింది.

చివరికి స్క్రిప్టు ప్రింటు తీసుకుని ఇబ్రహీంపట్నంలో సారింటికి వెళ్లాను. "ఎక్కువసేపు చూపించకమ్మా, చెప్పలేక ఏడుస్తారు," అంది వాళ్లావిడ. సారు చాలాసేపు చూసి, ఎడమచేతి వేలు & మీద పెట్టారు. కావాలని పెట్టారో, జారి అక్కడ పడిందో తెలియలేదు. సారు కళ్లల్లో నీళ్లు చూసి కాగితం మడిచేశాను.

మర్నాడు మాన్యువల్ తిరగేస్తే తెలిసింది. ఆ కమాండ్‌కి & అంటే గుర్తు కాదు, 'వెతికి పట్టుకున్న మాటనే మళ్లీ పెట్టు' అని అర్థం. ఉత్త గుర్తుగానే తీసుకొమ్మని దాని ముందు ఒక బ్యాక్‌స్లాష్ గీత పెట్టాను. పేరు సరిగ్గా పడింది. వెంటనే గుడివాడకి ఫోన్ చేశాను. వేరేవాళ్ల సాఫ్ట్‌వేర్ పెట్టించేసుకున్నామన్నాడాయన. గొంతులో కోపం కూడా లేదు.

కనీసం సారుకైనా చెబుదామని మళ్లీ వెళ్లాను. "దొరికింది సార్. మీరు చూపించిందే."

ఆయన నావైపు చూసి, ఎవరీ అమ్మాయి అన్నట్టు భార్య వైపు తిరిగారు.

"నిన్న రాత్రినుంచీ ఎవర్నీ గుర్తుపట్టట్లేదమ్మా," అందావిడ.

ఆవిడ ఇచ్చిన టీ తాగలేకపోయాను. ఆఫీసు తాళాలు ఆవిడ చేతిలో పెట్టి, బస్సెక్కాను.